రెండో తరగతికి తీసివేతలు ఆటలా నేర్పడం ఎలా?

రెండో తరగతి పిల్లలు 42లోంచి 17 తీసేయమంటే 35 అని రాస్తున్నారు, ఏదైనా ఆటతో సరిచేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు, పెద్ద ఖర్చు కూడా ఉండదు.

ముందు ఆ 35 ఎలా వచ్చిందో చూడండి. 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసేస్తున్నారు. 4 అంటే నాలుగు పదులని వాళ్లకు తట్టడం లేదు.

పాత చీపురు పుల్లల్ని సమానంగా విరిచి, పదేసి కలిపి రబ్బరు బ్యాండు వేయించండి. కట్టలు పిల్లలే కట్టాలి, మీరు కట్టి ఇస్తే సగం చదువు పోయినట్టే. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు వాళ్ల ముందు పెట్టి 17 ఇమ్మనండి. ఒక కట్ట టకీమని ఇస్తారు. ఏడు విడి పుల్లలు అనేసరికి ఆగిపోతారు. అప్పుడు మీరు నోరు విప్పొద్దు. కాసేపటికి ఎవరో ఒకరు “కట్ట విప్పేద్దామా టీచర్?” అంటారు. విప్పితే విడివి పన్నెండు. ఏడు ఇస్తే ఐదు మిగులుతాయి, పక్కన రెండు కట్టలు. అంటే 25.

పుస్తకంలో ‘అప్పు తెచ్చుకోవడం’ అంటే ఇదే. చేసిన ప్రతి లెక్కనూ వెంటనే పలక మీద రాయించండి, లేకపోతే ఆట ఆటగానే మిగిలిపోతుంది.

ఒకటో తరగతి కూడా అదే గదిలో ఉంటే కట్టలు కట్టే పనిలో వాళ్లనీ కలపండి. పదులు లెక్కపెట్టడం వాళ్లకీ వచ్చేస్తుంది. రెండో తరగతి వాళ్లకు తర్వాత కాగితంతో చేసిన పది రూపాయల నోట్లతో సంత ఆట పెట్టి, చిల్లర ఇప్పించండి.