బ్రేకు వేస్తే స్టీరింగ్ ఎందుకు వణుకుతుంది?

వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందని అడిగారు. బ్రేకుతోనే వస్తోందంటే మొదటి అనుమానం ముందు చక్రాల డిస్కుల మీదే, అంటే చక్రంతో పాటు తిరుగుతూ బ్రేకు ప్యాడ్ల మధ్య నలిగే ఇనుప పళ్లేల మీదే. డిస్కు వంగిపోయిందని మెకానిక్కులు అంటారు గానీ, చాలాసార్లు జరిగేది దాని మందంలో తేడా రావడం. 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు, పెడల్ పాదం కింద కొట్టుకుంటుంది. కొత్త డిస్కు వేయించేటప్పుడు దగ్గరుండి హబ్ (డిస్కునూ చక్రాన్నీ బిగించే భాగం) మీది తుప్పు పూర్తిగా గీకించండి. ఆ తుప్పు పొర మీదే బిగిస్తే డిస్కు ఓరగా తిరిగి, కొన్ని వేల కిలోమీటర్లకే జబ్బు తిరగబెడుతుంది. వణుకు సీటులో ఎక్కువగా తెలిస్తే వెనుక చక్రాలు చూడండి. బ్రేకు వేయకపోయినా వణికితే టైరు ఉబ్బిందేమో, రిమ్ము వంగిందేమో చూడాలి. అన్నిటికన్నా ముందు చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి.