పంటచేను కింద ఒక ఊరు

ప్రశ్న: అమెరికాలో బానిసత్వం నుంచి విడుదలైనవారు కట్టుకున్న ఊళ్లలో స్థానికులు, వారసులు కలిసి తవ్వకాలు జరుపుతున్నారని విన్నాను. శాస్త్రజ్ఞుల పనిలో మామూలు జనం చేయగలిగేది ఏముంటుంది?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూ ఫిలడెల్ఫియా కథ చెబితే మీకు సమాధానం దొరుకుతుంది. ఫ్రాంక్ మెక్‌వర్టర్ 1777లో బానిసగా పుట్టాడు. కెంటకీలో యజమాని పని ముగిశాక మిగిలిన వేళల్లో, తుపాకిమందుకు పనికివచ్చే సురేకారం తయారుచేసి డబ్బు కూడబెట్టి, 1817లో భార్య లూసీని, 1819లో తనను తాను చెరి 800 డాలర్లకు విడిపించుకున్నాడు. 1836లో ఇల్లినాయ్‌లో 42 ఎకరాలను 144 స్థలాలుగా విభజించి ఊరికి పటం గీయించి, నల్లవారికీ తెల్లవారికీ అమ్మాడు. వచ్చిన సొమ్ము కూడా పిల్లల, మనవల విముక్తికే పోయింది. తనతో కలిపి 16 మందిని ఆ కుటుంబం కొనుక్కుంది. సొంత బిడ్డను ధర కట్టి కొనుక్కోవడమన్న మాట రాస్తుంటేనే చేయి ఆగిపోతోంది.

1865 నాటికి అక్కడ 160 మంది ఉండేవారు. 1869లో రైలుమార్గం ఊరిని తప్పించి వెళ్లడంతో ఊరు క్రమంగా ఖాళీ అయి, చివరకు పొలాల్లో కలిసిపోయింది.

దాన్ని మరుగున పడనివ్వకూడదని మొదట పూనుకున్నది విశ్వవిద్యాలయాలు కాదు. చుట్టుపక్కలవారు 1996లో ఒక సంఘంగా ఏర్పడ్డారు, పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ తరువాత వచ్చారు. 2002–03లో స్థానికులు, శాస్త్రజ్ఞులు కలిసి దున్నిన చేలో వరుసగా నిలబడి, నేలను చూస్తూ మెల్లగా నడిచి, పింగాణీ పెంకు, గాజుముక్క, మేకు కనిపించిన ప్రతిచోటా చిన్న జెండా గుచ్చుకుంటూ పోయారు. అలా దొరికిన వస్తువులు 7,000 పైచిలుకు. జెండాలు గుంపుగా నిలిచిన చోట్లే ఇళ్లు ఉండేవని ఊహించి, 2004 నుంచి తవ్వకాలు మొదలుపెట్టారు. చదువుకు మించి ఓపిక, నేలను ఎరిగిన కన్ను కావలసిన పని ఇది.

అయితే స్థానికుల పాత్ర అక్కడితో ఆగితే వారిని కూలీలుగా వాడుకున్నట్టే అవుతుందని నా అభిప్రాయం. ఈ కుటుంబం గురించి మిగిలిన పాత కాగితాల్లో చాలా వరకు క్రయపత్రాలు, విముక్తిపత్రాల వంటివే కాబట్టి, వారు ఏం తిన్నారు, పిల్లలు ఏం ఆడుకున్నారు అన్న సంగతులు ఎక్కువగా వారసుల నోటిమాటల్లోనూ మట్టిలోనూ మిగిలాయి. అందుకే వారసులతో ముందుగా మాట్లాడి, వారి జ్ఞాపకాలను నమోదు చేసుకుని, ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో వారితో కలిసి నిర్ణయించడమే ఈ పద్ధతికి ప్రాణం. రెండు జాతులవారూ ఇరుగుపొరుగుగా బతికిన ఊరే అయినా శ్మశానాలు మాత్రం వేరువేరు. మెచ్చుకోలు కథతో సరిపెట్టకుండా ఆ సంగతీ చెప్పవలసి ఉంటుంది.

అక్కడ దొరికిన పింగాణీ పెంకుల్లో కొన్ని, ఆఫ్రికా నుంచి వచ్చిన మంకాలా ఆటలో వాడిన గింజల వంటివని పరిశోధకులు భావించారు. గుంటల్లో గింజలు పంచుతూ పోయే ఆ ఆట మన వామనగుంటలకు దగ్గరి చుట్టమే. చింతగింజలతో ఆడుకున్నవారెవరికైనా, చేతిలో ఇమిడే ఆ చిన్న పెంకును చూడగానే దాని చుట్టూ కూర్చున్న మనుషులు కళ్లకు కడతారు.

ఆ చేను 2009లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొంది, 2022 డిసెంబరులో అమెరికా జాతీయ ఉద్యానాల వ్యవస్థలో చేరింది.