64 పేజీల వర్డ్ ఫైల్ 86 ఎంబీ ఎందుకైంది? ఎలా తగ్గించాలి?

మీ ప్రాజెక్ట్ రిపోర్ట్ 64 పేజీలే, సైజు మాత్రం 86 ఎంబీ, పోర్టల్ 10 ఎంబీ దాటితే తీసుకోవడం లేదు, జిప్ చేసినా 85 దగ్గరే ఆగింది అని రాశారు. ముందు ఆ జిప్ సంగతి చెప్తాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఆఫీస్ 2007 నుంచి వర్డ్ మామూలుగా సేవ్ చేసే డాక్స్ ఫైలే ఒక జిప్ ఫైల్. లోపల అక్షరాలు ఒక ఫైల్‌గా, బొమ్మలు విడివిడి ఫైళ్లుగా ఉంటాయి. జిప్‌ను మళ్లీ జిప్ చేస్తే తగ్గడానికి ఏమీ మిగలదు. లోపలి ఫొటోలు కూడా ముందే కుదించి ఉన్నవే. కాబట్టి విన్‌రార్, సెవెన్-జిప్, ఇంకోటి అంటూ మార్చి మార్చి చూడకండి, టైమ్ దండగ.

మా షాపు ఒక యూనివర్సిటీ గేటుకు దగ్గర్లో ఉంది. థీసిస్‌లు, రిపోర్టులు టైప్ చేసి, సెట్ చేసి, బైండింగ్ చేసి ఇస్తాం. సబ్మిషన్ రోజుల్లో మీలాంటి ఫైళ్లు బోలెడు వస్తాయి. నేను ఏ సెట్టింగూ ముట్టుకోక ముందు చేసే పని ఒక్కటే: ఫైల్ లోపల ఏది బరువుగా ఉందో చూడటం. కళ్లు మూసుకుని నెట్‌లో దొరికిన చిట్కాలన్నీ వరసగా చేసుకుంటూ పోతే ఫార్మాటింగ్ చెడుతుంది, సైజు అలాగే ఉంటుంది.

చూడటం తేలికే. ఫైల్‌కు ఒక కాపీ తీసుకోండి. ఒరిజినల్ జోలికి పోవద్దు. కాపీ పేరు చివర ఉన్న డాక్స్ తీసేసి జిప్ అని పెట్టండి. చివరి భాగం కనిపించకపోతే ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసుకోవాలి. సెవెన్-జిప్ ఉంటే పేరు మార్చే పని కూడా లేదు, రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఆర్కైవ్ అంటే చాలు. లోపల వర్డ్ అనే ఫోల్డర్, అందులో మీడియా, కొన్ని ఫైళ్లలో ఎంబెడింగ్స్, ఫాంట్స్ అనే ఫోల్డర్లు కనిపిస్తాయి. ఒక్కోదాన్ని తెరిచి సైజు ప్రకారం సార్ట్ చేయండి. దొంగ అక్కడే దొరుకుతాడు.

చాలాసార్లు దొరికేది మీడియా ఫోల్డర్‌లోనే. ఆ మధ్య బోటనీ స్టూడెంట్ ఒకమ్మాయి ఫీల్డ్ ఫొటోలున్న రిపోర్ట్ తెచ్చింది. మీడియాలో చాలా ఫొటోలు జేపీఈజీలే (కొంత వివరం వదిలేసి ఫొటోను బాగా కుదించే రకం), ఒక్కోటి మూడు నాలుగు ఎంబీ. వాటి మధ్య కొన్ని పీఎన్‌జీలు (ఏ వివరమూ వదలకుండా దాచే రకం) మాత్రం ఒక్కోటి ఇరవై ఎంబీకి అటూ ఇటూ ఉన్నాయి. అవి కూడా అదే ఫోన్‌తో తీసినవే. తేడా ఎక్కడంటే, మొదటివి ఇన్సర్ట్, పిక్చర్స్ ద్వారా పెట్టింది. రెండోవి కంప్యూటర్‌లో ఫొటో తెరిచి, కంట్రోల్ సీ కొట్టి, వర్డ్‌లో కంట్రోల్ వీ కొట్టింది. అలా కాపీ చేసినప్పుడు క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసింది పేస్ట్ చేసేదాకా ఉండే చోటికి, వెళ్లేది జేపీఈజీ ఫైల్ కాదు, విప్పిన బొమ్మ. వర్డ్ దాన్ని పీఎన్‌జీగా దాచుకుంటుంది. స్క్రీన్‌షాట్‌కు, గ్రాఫ్‌కు పీఎన్‌జీ బాగుంటుంది. చెట్లూ ఆకులూ ఉన్న ఫొటోకు మాత్రం అది ఏనుగంత అవుతుంది.

ఇలాంటివాటికి మందు: ఆ ఫొటో మీద రైట్ క్లిక్, చేంజ్ పిక్చర్, ఫ్రమ్ ఎ ఫైల్, అక్కడ ఫోన్‌లోంచి తెచ్చుకున్న అసలు జేపీఈజీ ఫైల్ ఇవ్వండి. పాత సైజు, చోటు దాదాపుగా అలాగే ఉంటాయి. అసలు ఫొటో పోయిందంటే రైట్ క్లిక్‌లో సేవ్ యాజ్ పిక్చర్ అని, జేపీఈజీగా దాచి, దాన్నే తిరిగి పెట్టండి.

ఆ తర్వాతే కంప్రెస్ పిక్చర్స్. ఏదో ఒక బొమ్మ మీద క్లిక్ చేస్తే పైన పిక్చర్ ఫార్మాట్ ట్యాబ్ వస్తుంది, అందులో ఉంటుంది. ఇక్కడ అందరూ తప్పిపోయే చోటు ఒకటుంది. అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్ అనే దానికి ముందే టిక్ పెట్టి ఉంటుంది. అది తీయకపోతే ఒక్క బొమ్మే తగ్గుతుంది. 'చేశానండీ, ఏం తగ్గలేదు' అని వచ్చేవాళ్లలో సగం మందిది ఇదే కథ.

రిజల్యూషన్ ఎంత పెట్టాలి? లెక్క వేసి చూడండి. ఫోన్ ఫొటో 4000 బై 3000 పిక్సెల్స్ అనుకుందాం, అంటే కోటీ 20 లక్షల పిక్సెల్స్. ఏ4 పేజీలో మార్జిన్లు పోగా మీరు దాన్ని ఆరు అంగుళాల వెడల్పున పెడతారు. 220 పీపీఐ (అంగుళానికి 220 పిక్సెల్స్) దగ్గర ఆ వెడల్పుకు 1320 పిక్సెల్స్ సరిపోతాయి. మొత్తం దాదాపు 13 లక్షలు, అంటే తొమ్మిదో వంతు. 150 దగ్గర అయితే 900 పిక్సెల్స్, మొత్తం ఆరు లక్షల చిల్లర, ఇరవయ్యో వంతు. ప్రింట్ తీసి బైండింగ్ చేయించేదానికి 220, పోర్టల్‌లో అప్‌లోడ్ చేసేదానికి 150 నేను వాడే లెక్క. 96 జోలికి పోను, గ్రాఫుల్లో చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. ఓకే కొట్టాక సేవ్ చేస్తేనే సైజు మారుతుంది. ఒకసారి తగ్గించింది మళ్లీ పెరగదు కాబట్టి ఒరిజినల్ కాపీ ఉండాల్సిందే.

అదే డబ్బాలో డిలీట్ క్రాప్డ్ ఏరియాస్ ఆఫ్ పిక్చర్స్ అని ఇంకో టిక్ ఉంటుంది. సైజు సంగతి అలా ఉంచి, ఇది పరువుకు సంబంధించింది కూడా. క్రాప్ చేస్తే ఆ ముక్క కనిపించదు కానీ ఫైల్‌లోంచి పోదు. ఆధార్ కార్డు స్కాన్ పెట్టి నంబర్ కనపడకుండా క్రాప్ చేసి పంపేవాళ్లున్నారు. అవతలి వ్యక్తి రీసెట్ పిక్చర్ అండ్ సైజ్ నొక్కితే నంబర్‌తో సహా కార్డు మొత్తం బయటికొస్తుంది.

ఇక ఎంబెడింగ్స్. ఎక్సెల్ నుంచి చార్ట్ కాపీ చేసి ఎంబెడ్ వర్క్‌బుక్ పద్ధతిలో పేస్ట్ చేస్తే, ఆ ఒక్క చార్ట్ కాదు, ఎక్సెల్ ఫైల్ మొత్తం వర్డ్‌లోకి దిగిపోతుంది. అన్ని షీట్లతో సహా. ఒక కాలేజీ వార్షిక రిపోర్ట్‌లో పాస్ శాతం చూపించే చిన్న బార్ చార్ట్ ఉంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ డేటా అంటే పిల్లల పేర్లు, మార్కులు, ఫోన్ నంబర్లు వరసగా తెరుచుకున్నాయి. అది నాలుగు చోట్లకు మెయిల్ చేయడానికి రెడీగా ఉన్న ఫైల్! చార్ట్‌ను ఇక మార్చే పని లేదనుకుంటే కట్ చేసి, పేస్ట్ స్పెషల్‌లో పిక్చర్‌గా పెట్టేయండి. సైజు తగ్గుతుంది, గుట్టు కూడా బయటపడదు.

ఫాంట్స్ ఫోల్డర్ కనిపిస్తే ఎవరో ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్, అంటే ఫాంట్‌ను కూడా ఫైల్‌లోనే పెట్టమనే టిక్ పెట్టారని అర్థం. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో ఉంటుంది. తెలుగు థీసిస్‌లలో ఇది ఎక్కువ. అను లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసినవాళ్లకు ఆ భయం ఉంటుంది, అవతల ఫాంట్ లేకపోతే తెలుగంతా పిచ్చి గీతలే కనిపిస్తుంది మరి. యూనికోడ్‌లో (ఫాంట్ మారినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) టైప్ చేసి గౌతమి, నిర్మలా యూఐ లాంటి విండోస్ ఫాంట్లు వాడితే ఆ బెంగ లేదు, టిక్ తీసేయండి. పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు ఫాంట్ ఎలాగూ దానిలోకి వెళ్తుంది.

ట్రాక్ చేంజెస్ (చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టి చూపించే సదుపాయం) వల్ల సైజు పెరుగుతుందని చాలామంది అంటారు. అక్షరాల వల్ల పెరిగేది చిల్లర. కానీ ట్రాకింగ్ ఆన్‌లో ఉండగా డిలీట్ చేసిన ఫొటోలు, మీరు ఆ మార్పును యాక్సెప్ట్ చేసేదాకా ఫైల్‌లోనే కూర్చుంటాయి. గైడ్ గారు కరెక్షన్లు పెట్టి పంపిన ఫైల్ అయితే రివ్యూలో యాక్సెప్ట్ ఆల్ ఒకసారి కొట్టి చూడండి.

పాత డాక్ ఫైల్ అయితే డాక్స్‌గా సేవ్ చేస్తేనే తరచు బాగా తగ్గుతుంది. ఆర్‌టీఎఫ్‌గా మాత్రం ఎప్పుడూ సేవ్ చేయకండి, అందులో బొమ్మలు కూడా అక్షరాల రూపంలోకి మారి ఇంకా ఉబ్బుతాయి.

పోర్టల్ పీడీఎఫ్ తీసుకుంటే సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని కింద మినిమమ్ సైజ్ పెట్టండి. కొందరు ప్రింట్ తీసి, పేజీలన్నీ స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తారు. దయచేసి ఆ పని వద్దు. ప్రతి పేజీ ఒక ఫొటో అయిపోతుంది, అక్షరాలు వెతకడానికి, కాపీ చేయడానికి రావు. ఉచితంగా తగ్గిస్తామనే వెబ్‌సైట్లలో థీసిస్ ఎక్కించడం కూడా నాకు నచ్చదు. వర్డ్‌లోనే అయ్యే పనికి మీ కష్టాన్ని ఎవరి సర్వర్‌లోనో పెట్టడం ఎందుకు?

మీరు చెప్పిన 86 ఎంబీ చూస్తే కాపీ పేస్ట్ చేసిన ఫొటోలే అని నా అనుమానం. ముందు మీడియా ఫోల్డర్ తెరిచి పెద్ద పీఎన్‌జీలు మార్చండి, తర్వాత 150 దగ్గర కంప్రెస్ చేయండి. అప్పటికీ 10 లోపు రాకపోతే ఏ ఫోల్డర్‌లో ఏ ఫైల్ ఎంత ఉందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.