సమాధానం: పాలసీ ఉన్నా యాప్‌లో ఇన్సూరెన్స్ కనిపించడం లేదు

చాలావరకు కారణం మీ పాలసీ కాగితంలోనే ఉంటుంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్తుంటే చెకింగ్‌లో ఆపారని, ఎంపరివాహన్‌లో (బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్) ఇన్సూరెన్స్ కనిపించలేదని, కారు కొత్తదని రాశారు కదా. షోరూంలో పాలసీ చేసేటప్పటికి బండికి నంబరు రాదు. అందుకే రిజిస్ట్రేషన్ నంబరు గడిలో ‘న్యూ’ అని వేస్తారు. నంబరు వచ్చాక దాన్ని మార్పించుకోవడమే అందరూ మరిచిపోయేది. అలా వదిలేస్తే పాలసీ మీ బండి నంబరుతో కలవకపోవచ్చు.

1. పాలసీ పీడీఎఫ్ తెరిచి ముందు ఆ గడి చూడండి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కూడా ఆర్‌సీతో ఒక్కో అక్షరం సరిచూడండి. సున్నా బదులు ‘ఓ’ అక్షరం పడినా రికార్డు కలవకపోవచ్చు.

2. ఆర్‌సీ కాపీ పంపి కంపెనీని ఎండార్స్‌మెంట్ (పాలసీలో సవరణ) అడగండి. ‘అయిపోయింది సార్’ అన్న ఏజెంటు మాట చాలదు, సవరించిన పాలసీ మీ చేతికి రావాలి.

3. కొన్నాళ్లాగి ఎంపరివాహన్‌లో మళ్లీ చూడండి.

అప్పటిదాకా పాలసీ ప్రింటు బండిలోనే ఉంచండి, దయచేసి అశ్రద్ధ చేయకండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేదని తేలితే మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ కింద జరిమానా మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000. మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు.

చలానా ఇప్పటికే వేసి ఉంటే కట్టేయకండి. ఈ-చలాన్ సైట్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ తేదీకి పాలసీ అమల్లో ఉన్నట్టు చూపే పేజీ జతచేయండి.