ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా? ముందు మూఢం నెలల లెక్క తీయండి

ప్రశ్న: నా వయసు 31. హనుమకొండలో ఇంటి దగ్గరే ఉండి ఫొటోగ్రాఫర్లకు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసి ఇస్తుంటాను. సీజన్‌లో నెలకు 50 వేల దాకా వస్తుంది. సీజన్ లేకపోతే 10 వేలు కూడా కష్టమే. సగటున 32 వేలు అనుకోండి. అద్దె, అమ్మ మందులు, పాప ఖర్చులు అన్నీ కలిపి ఇంటికి నెలకు 24 వేలు కావాలి. బ్యాంకులో 70 వేలున్నాయి. పదేళ్ల నాటి నా డెస్క్‌టాప్ ఫొటోషాప్ తెరిస్తే చాలు, మొరాయిస్తోంది. మానిటర్ మాత్రం బాగానే ఉంది. రూ.98 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐకి వస్తోంది. నెలకు రూ.8,170. కార్డు లిమిట్ లక్షా 10 వేలు. ఇలా అయితే సేవింగ్స్ ముట్టుకోనక్కర్లేదు. లేదంటే రూ.62 వేలకు అసెంబుల్డ్ డెస్క్‌టాప్ కొటేషన్ ఉంది, అది నగదుకే. నెలకు రెండు మూడు సార్లు స్టూడియోలకు వెళ్లి డిజైన్ చూపించాలి కాబట్టి ల్యాప్‌టాపే మేలనిపిస్తోంది. తక్కువ పడితే లోన్ యాప్‌లో ఐదు నిమిషాల్లో 30 వేలు వస్తాయని ఫ్రెండ్ అంటున్నాడు. ఏది కొనమంటారు?

జవాబు: డెస్క్‌టాప్ కొనండి. అయితే ఆ 62 వేల కొటేషన్ ఉన్నదున్నట్టు ఒప్పుకోవద్దు.

మీ ఉత్తరానికి జవాబు రాయాలనిపించింది కంప్యూటర్ గురించి కాదు. ఇంట్లో కూర్చుని సొంతంగా పని చేసుకునేవాళ్లు చాలామంది నాకు రాస్తుంటారు. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లు, డీటీపీ చేసేవాళ్లు, వీడియో ఎడిటర్లు. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని రెండు పేజీలు రాస్తారు. పని లేని నెలల్లో ఇల్లు ఎలా నడుస్తుందో ఒక్క ముక్క రాయరు. మీరు కనీసం ఆ 10 వేల మాట ఎత్తారు. దాన్ని పట్టుకునే మాట్లాడుకుందాం.

2024 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ చివర్లో మూఢం మొదలైంది. అది పోయేసరికి ఆషాఢం. శ్రావణం వచ్చేదాకా పెళ్లి ముహూర్తాలే లేవు. మామూలుగా మే నెలలో దొరకని ఫంక్షన్ హాళ్లు ఆ ఏడు ఖాళీగా ఉన్నాయి. ఆల్బమ్ పని పెళ్లయ్యాక నెలకో రెండు నెలలకో మీ దగ్గరికి వస్తుంది కాబట్టి దెబ్బ కాస్త ఆలస్యంగా తగులుతుంది, అంతే. పైగా చేసిన పనికి ఫొటోగ్రాఫర్ల దగ్గర డబ్బులు ఆగిపోయేదీ అప్పుడే.

అలాంటి మూడు నెలలు మళ్లీ వచ్చాయనుకోండి. వచ్చేది 10 వేలు, ఇంటికి కావలసింది 24 వేలు. నెలకు 14 వేల లోటు, మూడు నెలలకు 42 వేలు. మీ 70 వేలు దీన్ని తట్టుకుంటాయి. దీని మీద 8,170 చొప్పున మూడు వాయిదాలు కలపండి. లోటు 66 వేలు దాటింది. ఇంకేముంది చేతిలో? అమ్మను ఒకసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి నాలుగు పరీక్షలు చేయిస్తే ఆ మిగిలిందీ అయిపోతుంది. మూఢమని మీ పని ఆగుతుంది గానీ ఈఎంఐ ఆగదు. ‘సేవింగ్స్ ముట్టుకోనక్కర్లేదు’ అన్నారు చూడండి, మీరు ముట్టుకుంటారు. కాకపోతే కొంచెం కొంచెంగా, చేతిలో పని లేని నెలల్లో.

నో కాస్ట్ సంగతి కూడా చెప్పేస్తాను. సున్నా వడ్డీ అనేది అసలు లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. వడ్డీ ఉంటుంది. అంత మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు. 16 శాతం లెక్కన చూస్తే మీ 98 వేలలో దాదాపు 8 వేలు వడ్డీయే. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో రూ.1,400 పైన, మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. నగదుకు కొంటానంటే షాపువాడు ఎంత తగ్గించేవాడో అదీ పోయింది.

నాకు అంతకన్నా భయం కార్డు లిమిట్ గురించి. లక్షా 10 వేలలో 98 వేలు బ్లాక్ అయిపోతే మిగిలేది 12 వేలు. రాత్రిపూట ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమంటే ఆ కార్డు పనికి రాదు. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. ‘చేతిలో డబ్బు లేని నెల మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, కట్టేస్తే పోలా’ అనుకుంటారు. కార్డు మీద తీసుకున్న ఈఎంఐ మొత్తం ఆ మినిమం డ్యూలోనే కలిసి వస్తుంది. తప్పించుకోవడానికి దారి లేదు. కట్టలేకపోతే నెలకు మూడున్నర శాతం, ఏడాదికి 40 శాతం పైన వడ్డీ పడుతుంది.

లోన్ యాప్ మాటే వద్దు. ఐదు నిమిషాల్లో ఇచ్చేవాడు ఎలా వసూలు చేస్తాడో ఆ ఫ్రెండ్‌ని అడగండి. యాప్ ఫోన్‌లో ఉంటే ఈ రోజే తీసేయండి. ఎన్నిసార్లు రాసినా ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంటే విసుగొస్తోంది.

ఇక యంత్రం విషయం. ఇది మీకు వినోదానికి కాదు, అన్నం పెట్టేది. కాబట్టి ఎంత స్పీడు అన్నదానికన్నా చెడిపోయిన రోజు ఏమవుతుందన్నది ముఖ్యం. కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చినప్పుడు డెస్క్‌టాప్‌లో మొదట పోయేది చాలాసార్లు ఎస్ఎంపీఎస్, అంటే లోపలి పార్టులకు కరెంటు అందించే పెట్టె. రెండు మూడు వేలతో ఆ సాయంత్రానికే కొత్తది బిగించేస్తారు. ర్యామ్ పోతే ర్యామ్ ఒక్కటే మార్చుకుంటారు. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ బోర్డుకే అతికి ఉంటాయి. ఒకటి పోతే బోర్డు మొత్తం మార్చాలంటారు. నాకే జరిగింది. వారంటీ అయిపోయిన రెండు నెలలకు నా ల్యాప్‌టాప్ ఆగిపోయింది. సర్వీస్ సెంటర్‌లో బోర్డుకు 34 వేలు అడిగారు, అది రావడానికి మూడు వారాలన్నారు. నాకు ఆఫీసులో ఇంకో కంప్యూటర్ ఉంది కాబట్టి సరిపోయింది. మాఘమాసంలో మీకు మూడు వారాలు ఆగిపోతే ఫొటోగ్రాఫర్ ఇంకో డిజైనర్‌ని వెతుక్కుంటాడు, తిరిగి రాడు కూడా.

నెలకు రెండు మూడు సార్లు స్టూడియోలో చూపించడానికి 98 వేల యంత్రం మోసుకెళ్లక్కర్లేదు. పెన్‌డ్రైవ్ చాలు, వాళ్ల దగ్గర కంప్యూటర్ ఉండనే ఉంటుంది. రోజూ తిరుగుతూ పని చేసేవాళ్లకు, హాస్టల్లో ఉండే విద్యార్థులకు ల్యాప్‌టాపే కరెక్టు. మీ సంగతి అది కాదు.

మీరు పంపిన కొటేషన్ చూశాను. అందులో 10,500 మానిటర్‌కు, 19,500 గ్రాఫిక్స్ కార్డుకు. మీ పాత మానిటర్ బాగానే ఉందని మీరే రాశారు. దాన్నే వాడండి. ఆల్బమ్ పేజీలకు ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్‌తో మొదలుపెట్టొచ్చు, మంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు త్వరగా తెరుచుకునే డిస్కు) ఉంటే చాలావరకు సరిపోతుంది. కార్డు నిజంగా కావాలనిపిస్తే వచ్చే సీజన్‌లో తెచ్చి స్లాట్‌లో పెట్టుకుంటారు. డెస్క్‌టాప్‌తో ఉన్న సుఖమే అది. ఈ రెండూ తీసేస్తే 32 వేలు. విచిత్రం ఏమిటంటే లైట్లు వెలిగే క్యాబినెట్ ఉంది గానీ యూపీఎస్ లేదు! దానికో 5 వేలు కలపండి. పావుగంట బ్యాకప్ వచ్చినా ఫైల్ సేవ్ చేసి ఆపుకోవచ్చు. మొత్తం 37 వేలు. బ్యాంకులో 33 వేలు మిగులుతాయి.

33 వేలంటే మీ ఇంటికి నెలా పది రోజుల ఖర్చు. జీతం వచ్చేవాళ్లకు మూడు నెలల ఖర్చు చాలంటాను. మీలాంటివాళ్లకు ఐదు నెలలు, అంటే లక్షా 20 వేలు. ఎక్కువనిపిస్తుందా? ఈఎంఐ కింద ఏడాది పాటు నెలకు 8,170 కట్టడానికి మీరు సిద్ధపడ్డారు కదా. అదే డబ్బు పక్కన పెడితే 11 నెలల్లో 33 వేలు కాస్తా లక్షా 22 వేలు దాటుతాయి. నెలనెలా సమానంగా వేయమని నేననను. శ్రావణం, కార్తీకం, మాఘం పనికి డబ్బు చేతికొచ్చినప్పుడు 15 వేలు వేయండి, మూఢంలో ఏమీ వేయకండి. ఫోన్‌పేకు, గూగుల్‌పేకు లింకు లేని వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. డెబిట్ కార్డు బీరువాలో పెట్టి ఇంటావిడకు చెప్పండి. దీన్ని మ్యూచువల్ ఫండ్లలో పెట్టొచ్చా అని అడగబోతారు. పెట్టొద్దు. ఇది పెరగడానికి దాచే డబ్బు కాదు, అడిగిన రోజు చేతికి రావాల్సిన డబ్బు. ఇందులోంచి యంత్రం రిపేరుకు 10 వేల దాకా వాడుకోవచ్చు, కొత్త గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం వద్దు.

మిగతావి గబగబా. హెల్త్ పాలసీ ఉన్నట్టు మీరు రాయలేదు. వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు, ఈ ఏడే తీసుకోండి. వ్యాపారానికి అప్పు తప్పదనుకుంటే ప్రభుత్వ ముద్రా రుణ పథకం శిశు విభాగంలో 50 వేల దాకా ఇస్తారు, కానీ ఇప్పుడు మీకు ఆ అవసరం లేదు. సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ తక్కువకు వస్తుందని ఎవరైనా అంటే ప్రాసెసర్ ఏ తరానిదో చూడండి. ఇంటెల్ 8వ తరానికి ముందువాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మీ పాతది కూడా ఆ కోవలోదే. అమ్మితే వచ్చేది కొద్దిగానే కాబట్టి పాప పెద్దయ్యేదాకా మూలన పెట్టకుండా వచ్చినంతకు ఇచ్చేయండి. దానికి ముందు అందులోని ఆల్బమ్ ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసుకోండి.

షాపులో బేరం ఆడేటప్పుడు క్యాబినెట్ దగ్గర, కీబోర్డు దగ్గర ఎంతైనా తగ్గించుకోండి. ఎస్ఎంపీఎస్ మాత్రం పేరున్న కంపెనీది అడగండి. ఏ పార్టుకు ఎన్నేళ్ల వారంటీయో, దాని సీరియల్ నంబరుతో సహా బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బులివ్వండి.