బొమ్మల పుస్తకంలో చరిత్ర

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి పాఠ్యపుస్తకాన్ని పక్కన పెట్టి గ్రాఫిక్ నవలల్లో చరిత్ర చదువుతున్నాడు. యుద్ధం, వివక్ష వంటి బరువైన విషయాలను బొమ్మలు తేలిక చేయవా?

జవాబు: బొమ్మ ఉన్నంత మాత్రాన విషయం తేలికైపోదు. ఆరేళ్ల వయసులో హిరోషిమా అణుబాంబు దాడి నుంచి బయటపడిన కెయిజీ నకజావా, ఆ అనుభవం ఆధారంగానే 1973లో ‘బేర్‌ఫుట్ జెన్’ అనే బొమ్మల కథను మొదలుపెట్టారు. తండ్రి జ్ఞాపకాల ద్వారా యూదుల ఊచకోతను చెప్పిన ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం లభించింది.

నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది, అంబేద్కర్ జీవితంపై 2011లో వచ్చిన ‘భీమాయన’. పర్ధాన్ గోండు గిరిజన చిత్రకారులైన దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అందులో బొమ్మల కథల్లో ఉండే మామూలు చదరపు గడులను వదిలేసి, మృదువైన మాటలను పక్షి ఆకారంలోనూ, విషపు మాటలను తేలు కొండి ఉన్న మాటల బుడగల్లోనూ పెట్టారు. అంటరానితనం మాటలో ఎలా కుడుతుందో వివరణ అక్కర్లేకుండానే కంటికి తెలుస్తుంది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. చిత్రకారుడు గీసిన ముఖకవళికలు, పాత్రల నోట పలికించిన సంభాషణలు చాలాసార్లు ఊహ నుంచి వచ్చినవే కాబట్టి, వాటిని సాక్ష్యంగా తీసుకోకూడదు. ఒక సన్నివేశాన్ని ఎంచుకుని, అదే ఘటనపై నాటి పత్రికా వార్తనో ప్రత్యక్షసాక్షి కథనాన్నో పక్కన పెట్టి, బొమ్మలో ఏది చేరిందో, ఏది జారిపోయిందో మీ అబ్బాయినే చెప్పమనండి. పాఠ్యపుస్తకాన్నీ ఇదే పరీక్షకు పెట్టవచ్చు.