చెవిలో మోత: రాత్రంతా వాన శబ్దం పెట్టుకుని పడుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 48 ఏళ్లు. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను. ఏడాదిగా రెండు చెవుల్లోనూ కీచురాయి అరిచినట్టు ఒకటే మోత. గట్టు మీద పాకలో పడుకుంటే, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడులో నిద్ర పడుతుంది. ఇంట్లో పడుకుంటే మాత్రం పిచ్చెక్కిపోతోంది. మా అబ్బాయి ఫోన్లో వాన శబ్దం పెట్టి ఇయర్‌ఫోన్లు ఇచ్చాడు. రాత్రంతా ఉంచుకోవచ్చా?

జవాబు: వాన శబ్దం ఉంచుకోండి, ఇయర్‌ఫోన్లు మాత్రం తీసేయండి. మన డెల్టా ఉక్కలో రాత్రంతా చెవి మూసుకుపోతే లోపల చెమ్మ చేరి బూజు పట్టే అవకాశం ఎక్కువ. పక్కకు తిరిగి పడుకుంటే చెవి ఒరుసుకుంటుంది కూడా.

పాక సంగతి రాసి మంచి పని చేశారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. చెరువుల దగ్గర నడిచే జనరేటర్ మోత ఏళ్ల తరబడి వింటే అవి దెబ్బతింటాయి, మళ్లీ మొలవవు. చెవి నుంచి రావలసింది తగ్గేసరికి మెదడు తన వాల్యూమ్ తానే పెంచుకుంటుంది. మీ మోతకు మూలం అదేనని నా అనుమానం. అమావాస్య చీకట్లో గుడ్డి దీపం కూడా కళ్లలో గుచ్చుకుంటుంది కదా, నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో ఈ మోతా అంతే.

చిన్న స్పీకరు మంచానికి కాస్త దూరంగా పెట్టండి. వాల్యూమ్ మెల్లగా పెంచుతూ, మోత మునిగిపోయేలోపే ఆపేయండి. వానా వినపడాలి, దాని వెనక కీచురాయీ వినపడాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మోత పూర్తిగా మునిగిపోతే మెదడు దానికి అలవాటు పడటం కష్టమంటారు. తెల్లవార్లూ ఆగకుండా నడవనివ్వండి, లేకపోతే మూడింటికి మెలకువ వచ్చినప్పుడు మోత ఒక్కసారిగా మీద పడుతుంది. పాటలు, వార్తలు వద్దు, మనసు వాటి వెంట పోతుంది. మధ్యలో ప్రకటనలు వచ్చే యాప్ అసలే వద్దు. ఏదీ కుదరకపోతే ఫ్యాను చప్పుడైనా చాలు.

ఇది మోతను మాయం చేయదు, పట్టించుకోకుండా ఉండటం నేర్పుతుంది. అందుకు నెలలు పడుతుంది, వారానికే విసుగు చెందకండి. మోతను పూర్తిగా పోగొట్టే మాత్ర ఏదీ లేదు. ఎవరైనా అమ్మజూపితే డబ్బు పోగొట్టుకోకండి. చెవిలో నూనె పోయకండి.

ముందుగా ఈఎన్‌టీ డాక్టరుతో గులిమి ఉందేమో చూపించుకుని, వినికిడి పరీక్ష చేయించుకోండి. వినికిడి తగ్గి ఉంటే మిషన్ పెట్టుకోవడంతోనే చాలామందికి మోత నెమ్మదిస్తుంది. వాడే మందుల చీటీ కూడా తీసుకెళ్లండి, కొన్ని మందులకూ మోత వస్తుంది. మోత ఒక్క చెవిలోనే మిగిలినా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపించినా, కళ్లు తిరిగినా ఆలస్యం వద్దు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే ఆ రోజే వెళ్లాలి, రోజులు గడిచేకొద్దీ మందు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.

జనరేటర్ దగ్గరికి ఇక ఉత్త చెవులతో వెళ్లకండి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలున్నా చెవికి ముప్పే, దాని పక్కన నిలబడితే అంతకన్నా ఎక్కువే ఉంటుంది. చెవులు మూసే ఇయర్‌మఫ్‌లు కొనుక్కుని షెడ్డు గుమ్మం దగ్గరే మేకుకి తగిలించి ఉంచండి, లోపలికి వెళ్తూ చేతికి తగులుతాయి.